కాలువగట్టు మిషన్ ఆసుపత్రి

ఈ ఏడు శ్రావణంలో వాయుగుండం పట్టి, ముసురు విడవకుండా కురుస్తున్న రోజుల్లో మా అక్కయ్య ఫోను చేసి, "ఒరేయ్, నువ్వు పుట్టిన ఆసుపత్రి పైకప్పు కుంగిపోతోందట. ఓసారి చూసొద్దాం, బయల్దేరి వచ్చెయ్" అన్నది. ఆవిడకు డెబ్బయ్యో ఏడు నడుస్తున్నది, మోకాళ్ల నొప్పులు సరేసరి. వాన తెరిపి ఇచ్చాక వెళదామంటే ఒప్పుకోలేదు. "తెరిపి ఇచ్చాక ఏముందిరా అక్కడ చూడ్డానికి? ఆ ఇంటి సంగతి వానలోనే తెలుస్తుంది" అన్నది. నాట్లు మునిగిపోయి, ఏది వరిచేనో ఏది చేపల చెరువో పోల్చుకోలేకుండా ఉన్న దారిలో మేనల్లుడి కారులో వెళ్లాము.

భీమవరం నుంచి నరసాపురం వైపు పోయే దారికి కొంచెం లోపలగా, కాలువను ఆనుకుని ఉన్న ఆ ఊరి పేరు నేను రాయడం లేదు. స్థలం విషయంలో ఏదో తగాదా నడుస్తున్నదని, పేరు బయటపెట్టవద్దని అక్కడ కాపలా ఉన్నాయన కోరాడు. చుట్టుపక్కల వాళ్లకు మిషన్ ఆసుపత్రి అంటే చాలు. మా మామ్మ తరంవారు దొరసాని ఆసుపత్రి అనేవారు. మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. వెనక వైపు నర్సుల క్వార్టర్లలో కొన్నాళ్లు చిన్నపిల్లల బడి నడిచి, అది కూడా వేరేచోటికి వెళ్లిపోయింది.

ఈ డెల్టాలో మిషన్ల పని పాతదే. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట ఇంగ్లండులో ఓడ ఎక్కి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలను తమ నివాసం చేసుకున్నారు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో అడుగుపెట్టారు. రాజమండ్రి వైపు లూథరన్లు ఉండనే ఉన్నారు. బళ్లూ ప్రార్థన మందిరాలూ ముందు వచ్చాయి, ఆసుపత్రులు ఆ తరవాత. ఆడవాళ్లకు మగ డాక్టరు చేత నాడి చూపించడానికి కూడా పెద్ద ఇళ్లలో ఒప్పుకోని కాలంలో, ఆడ డాక్టర్లు అన్న ఒక్క కారణం చేతనే ఆ ఆసుపత్రులకు గడప దాటి వచ్చినవారు ఎందరో. 1883లో గుంటూరు వచ్చి 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచిన అన్నా కుగ్లర్ పేరు మా జిల్లాలో కూడా పెద్దవాళ్ల నోట వినపడేది. మా ఊరి వాళ్లు ఏ దొరసానిని తలుచుకోవాలన్నా ముందు ఆవిడ పేరే చెప్పి, తరవాత మన దొరసాని సంగతికి వచ్చేవారు.

కారు గేటు దగ్గర ఆపుతుంటే అక్కయ్య వద్దన్నది. ఆసుపత్రికి అసలు వాకిలి అది కాదు. బస్సులు వచ్చాక, తారు రోడ్డు పడ్డాక పెట్టిన గేటు అది. పాత వాకిలి కాలువ వైపు ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ కాలువలు చేలకు నీళ్లిచ్చినంత శ్రద్ధగానూ మనుషులను, ధాన్యాన్ని మోశాయి. రోడ్లు లేని ఊళ్లకు కాలువే రోడ్డు. ఆసుపత్రి కట్టినవాళ్లు ఆ సంగతి తెలిసి, ముఖం కాలువకు పెట్టి, ముందు రాతిమెట్ల రేవు కట్టారు. మెట్లు మామూలు స్నానాల రేవులో మాదిరి ఇరుకుగా, ఎత్తుగా ఉండవు. మంచం మీద పడుకోబెట్టిన మనిషిని నలుగురు మోసుకుంటూ ఎక్కడానికి వీలుగా వెడల్పుగా, పొట్టిగా ఉంటాయి. ఆ రోజు కాలువ నిండా ఎర్రనీళ్లు సుడులు తిరుగుతూ పోతున్నాయి, పైమెట్లు తప్ప తక్కినవన్నీ మునిగే ఉన్నాయి. అక్కయ్య గొడుగు నాకిచ్చి, నా భుజం పట్టుకుని, ఆ పైమెట్టు మీద నుంచే లోపలికి వస్తానన్నది.

నేను కడుపులో ఉండగా అమ్మను తెచ్చింది ఈ రేవుకే. రోడ్డు మీద బురద మోకాలు లోతున ఉందని, బండి దిగబడితే ప్రాణం మీదికి వస్తుందని పడవ కట్టించారు. ముందు గట్టు మీద ఒకడు తాడు భుజాన వేసుకుని లాగుతుంటే, వెనక ఒకడు గెడ వేస్తుంటే, మామ్మ అమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఎనిమిదేళ్ల మా అక్కయ్య పడవ గూడు కింద నుంచి కారే నీళ్లను చెంబులో పట్టి పారబోస్తూ వచ్చిందట. లాకు దగ్గర తలుపులు తెరిచేదాకా ఆగవలసి వచ్చినప్పుడు మామ్మ లాకు మనిషిని తిట్టిన తిట్లు అక్కయ్యకు ఇప్పటికీ కంఠతా వచ్చు. అదే వేసవి అయితే ఆ మాత్రం దారి కూడా ఉండేది కాదు. మరమ్మతుల కోసం కాలువలు కట్టేసేవారు కనుక, మళ్లీ నీళ్లు వదిలేదాకా రోగులు బండ్ల మీదనో డోలీల మీదనో రావలసిందే. ఎండల్లో వార్డులు పలచబడేవని, కాలువలు వదిలిన వారానికి మంచాలు చాలేవి కావని అక్కడ పనిచేసిన నర్సమ్మలు చెప్పుకునేవారు.

కాపలా ఆయన తాళాలు పట్టుకుని ఎదురొచ్చాడు. వాళ్లమ్మ ఇక్కడే ఆయా. "రండమ్మగారూ, జాగ్రత్తండి, పాచి పట్టేసిందండి. ఇంత వానలో వచ్చారేంటండి?" అన్నాడు. అక్కయ్య, "వానలో రాకపోతే నీళ్లెటు పోతున్నాయో ఎలా తెలుస్తుంది నాయనా?" అని ముందుకు నడిచింది. నిజంగా ఆవిడ చూసింది అదే. ఎక్కడ నీళ్లు నిలబడ్డాయి, ఎక్కడ దారి చేసుకుని పోతున్నాయి అని చూసుకుంటూ పోయింది.

నిండు వానలో ఆ ఇంటి కట్టుబడి కళ్లకు కట్టింది. అరుగు ఛాతీ ఎత్తున ఉంది. వరద నీరు ఎంతవరకు వస్తుందో అడిగి తెలుసుకుని అంతకు పైన కట్టినట్టు ఉంది. చుట్టూ వెడల్పాటి వసారా, దాని మీద వాలుగా బెంగుళూరు పెంకు, పెంకు చివర నుంచి జారిన నీళ్లు పడేచోట సరిగ్గా రాతితో కట్టిన సన్నటి కాలవ, ఆ కాలవ ఇంటి చుట్టూ తిరిగి వెనక చెరువు వైపు వాలు. ఇన్నేళ్లు ఎవరూ పట్టించుకోకపోయినా ఆ కాలవలో చెత్త తప్ప నీళ్లు నిలవలేదు. మధ్యలో వార్డుల మీద మాత్రం మద్రాసు టెర్రసు. గోదావరి ఎగువ అడవుల నుంచి తెప్పలు కట్టి రాజమండ్రి దాకా వదిలిన టేకు దుంగల దూలాలు, వాటి మీద వాసాలు, వాటి మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో గానుగ సున్నంతో పేర్చి, ఆపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచి, కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు చల్లుతూ కొయ్య పలకలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచిన కప్పు అది. ఎండాకాలంలో ఆ కప్పు కింద ఫంకా లేకపోయినా మనిషి బతకగలడు. ఈ మధ్య ఎవరో పుణ్యాత్ములు కారడం ఆపడానికని పైన సిమెంటు పూసి పోయారు. సరిగ్గా సిమెంటు పూసిన చోటనే కప్పు చెమ్మ పట్టి కిందికి దిగుతున్నది. సున్నపు గోడ పీల్చుకున్న తడిని మళ్లీ గాలికి వదిలేస్తుంది, సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. పూసినవారి ఉద్దేశం మంచిదే, నేను కాదనను.

వసారాలో సిమెంటు బల్లలు అలాగే ఉన్నాయి. వీపు ఆనిన చోట గోడ నల్లగా నున్నబడింది. చీటీ రాసే కిటికీ, దాని పక్కన మందులిచ్చే కిటికీ, రెండింటికీ చెక్క రెక్కలు. మా చిన్నతనంలో ఇంటి నుంచే ఖాళీ సీసా కడిగి తెచ్చుకునేవాళ్లం. కాంపౌండరు గారు అందులో ఎరుపో గులాబో రంగు మిక్స్చరు పోసి, మోతాదుకు ఒక గంటు చొప్పున కత్తిరించిన కాగితప్పట్టీ అంటించి, "అన్నం తిన్నాకండి, ముందు కాదండి" అని ప్రతివాళ్లకూ రెండుసార్లు చెప్పేవారు. గోకుళ్ల పిల్లలకు ఊదామందు పూసి పంపేవారు. ఆ రంగు ముఖాలతో మేం రెండో రోజు బడికి వెళ్లేవాళ్లం.

ఆ వసారాను తలుచుకుంటే నాకు వైద్యం కన్నా ముందు ఎదురుచూడడం గుర్తుకు వస్తుంది. ఆసుపత్రి కట్టించినవారికి ఆ సంగతి బాగా తెలుసు. ఒక రోగి వెంట నలుగురు వస్తారని, వచ్చినవారు తిరిగి వెళ్లరని, బయటి తిండి తినరని గ్రహించి, వెనక పొడవాటి వంటపాక వేయించారు. అందులో వరసగా పొయ్యిలు, పొయ్యికీ పొయ్యికీ మధ్య నడుమెత్తు గోడలు. ఆ గోడలు ఎందుకో చెప్పనక్కర్లేదు. వార్డులో మంచాలు జబ్బును బట్టి వేసేవారు, అక్కడ ఎవరి పక్కన ఎవరున్నారని అడిగితే దొరసానమ్మ వినేవారు కాదు. వంటపాకలో మాత్రం ఊరు ఊరుగానే ఉండేది. మా మామ్మ అక్కడి నీళ్లు కూడా ముట్టకుండా, మందు మాత్రం "ఔషధం జాహ్నవీతోయం", అంటే మందే గంగాజలం, అని కళ్లకద్దుకుని తాగేసేది. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రికి ఎదురుగా రోగుల బంధువుల కోసం ఏలూరు జమీందారు భుజంగరావు గారు సత్రం కట్టించారంటే, వెంట వచ్చేవాళ్ల అవస్థ అంత పెద్దదన్నమాట. ఇక్కడ జమీందారూ లేడు, సత్రమూ లేదు. ఈ వంటపాకే ఉండేది. ఇప్పుడు కప్పు లేచిపోయి, పొయ్యిల గుంతల్లో వాననీళ్లు నిండి, మధ్యలో బొప్పాయి చెట్టు మొలిచింది. గోడలు మాత్రం చెక్కు చెదరలేదు.

మామ్మకు బోదకాలు. ఏడాదికి ఒకటి రెండుసార్లు గజ్జల్లో బిళ్ల కట్టి, చలిజ్వరం వచ్చి, మాటలు తడబడేవి. అప్పుడు ఆవిడను ఇక్కడ చేరిస్తే, బడి ఎగ్గొట్టే అవకాశం కనుక నేను తోడు ఉండేవాణ్ణి. నడివయసు నర్సమ్మ ఒకావిడ రోజూ పొద్దున్నే సబ్బునీళ్లతో మామ్మ కాలు కడిగి, వేళ్ల సందులు మెత్తని గుడ్డతో తుడిచి ఆరబెట్టి, కాలు దిండు మీద ఎత్తిపెట్టి, "ఇది రోజూ చెయ్యాలండీ మామ్మగారూ, మందు ఒక్కటే చాలదండి" అనేది. మామ్మకు కొడుకులు, కోడళ్లు ఉన్నా ఆ కాలిని అంత ఓపికగా పట్టుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు. ఈ మాట ఇంట్లో అంటే అప్పుడూ తగాదా వచ్చేది, ఇప్పుడూ వస్తుంది.

బోదకాలు మా వైపు ఇంటింటి చుట్టం. కాలువలు అన్నం పెట్టాయి కాని, ఊళ్లలో మురుగు పోయే దారి ఎవరూ చూడలేదు. ఆ మురుగు గుంటల్లో పెరిగే క్యూలెక్స్ దోమే ఈ రోగం తెచ్చే సన్నటి పురుగును ఒంటి నుంచి ఒంటికి మోస్తుంది. 1955లో దేశమంతటా మొదలైన ఫైలేరియా నియంత్రణ పథకం వాళ్లు మా వీధికి రాత్రి తొమ్మిది దాటాక, లాంతర్లతో, దొంగల్లా వచ్చేవారు. నిద్రపోతున్న పిల్లల్ని లేపి వేలికి సూది గుచ్చి గాజుపలక మీద రక్తం తీసుకునేవారు. పగలు రావచ్చు కదా అని మామ్మ తిడితే, ఆ పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి దోమలు కుట్టే వేళకే పైరక్తంలోకి వస్తాయని, పగలు తీస్తే కనపడవని ఈ ఆసుపత్రి కాంపౌండరు గారే మాకు విడమరిచి చెప్పారు.

ఆ తరవాత ఇచ్చే తెల్లబిళ్లల కథ మరొకటి. 1895లో భీమవరంలో, అంటే ఈ వసారాకు కాస్త దూరంలోనే, పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు, స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ముల్ని పోగొట్టుకుని, 1923లో అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలో, 1947లో వెలుగు చూసిన మందు అది. డైఇథైల్ కార్బమజిన్ దాని అసలు పేరు, హెట్రజాన్ అని అమ్మేవారు. ఆ మరుసటి ఏడే, 53 ఏళ్ల వయసులో, మళ్లీ ఈ గడ్డ మీద అడుగుపెట్టకుండానే ఆయన న్యూయార్కులో కన్నుమూశారు. వాచిన కాలును ఆ బిళ్ల మామూలు చెయ్యలేదు, రక్తంలోని పురుగు పిల్లల్ని మాత్రం తుడిచిపెట్టింది. మామ్మ కాలు అలాగే ఉన్నది, మా తరంలో మా ఇంట్లో ఎవరికీ ఆ వాపు రాలేదు. కాంపౌండరు గారికి సుబ్బారావు గారి పేరు తెలుసు. "మన భీమవరపాయనే కనిపెట్టించాడండీ ఇది" అని బిళ్లలు లెక్కపెడుతూ అనేవారు. పక్క ఊరివాడు చేసిన మందు కదా అని మామ్మకు గురి కుదిరింది.

రెండోసారి ఈ ఆసుపత్రిలో నేను ఎక్కువకాలం గడిపింది 1986 ఆగస్టులో. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి గోదావరి వచ్చింది ఆ నెలలోనే. గట్లు తెగి, లంకల నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లను ఊళ్లో ఎత్తైన ఇళ్లన్నిటిలోకీ సర్దాము. అన్నిటికన్నా ఎత్తు ఈ ఆసుపత్రి అరుగే. వార్డులో రోగులు, వసారాలో వరద బాధితులు, మెట్ల మీద మేకలు. అప్పటికి దొరసానులు వెళ్లిపోయి మన డాక్టర్లే నడుపుతున్నారు, వెనకటి వైభవం లేదు. అయినా వంటపాకలో పొయ్యిలన్నీ రాత్రింబవళ్లు వెలుగుతూ, నడుమెత్తు గోడల మీద నుంచి గిన్నెలు చేతులు మారుతూ ఉంటే చూశాను. వరద తీశాక మళ్లీ ఎవరి పొయ్యి వారిదే అయిందని కూడా రాయడం న్యాయం. పదేళ్ల తరవాత, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుడిచిపెట్టిన తుపాను మా వైపు అంత విరుచుకుపడలేదు గాని, వసారా పెంకు సగం లేపేసింది. ఆ పెంకు తిరిగి వేయించడానికి డబ్బు సమకూరలేదు. భీమవరంలో పెద్ద పెద్ద నర్సింగ్ హోములు వచ్చాయి, రోడ్లు బాగుపడ్డాయి, నర్సుల జీతాలు ఆలస్యమయ్యాయి. మూతపడడం గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

పురుళ్ల వార్డు తాళం తుప్పు పట్టి ఎంతకూ రాలేదు. కిటికీ పలకల సందుల్లోంచే చూశాము. అక్కయ్య ఆ కిటికీ దగ్గర తన ఎత్తుకు చాలా కిందగా, నడుము వంచి నిలబడింది. "ఇంతే ఉండేదాన్నిరా అప్పుడు. ఈ పలక పైకెత్తితే అమ్మ కాళ్లు కనపడేవి" అన్నది. నేను పుట్టాక అమ్మకు రక్తం కట్టలేదు. మామ్మ లోపల, నాన్న మందుల కోసం ఊళ్లోకి, ఎవరికీ ఈ పిల్ల గుర్తులేదు. రాత్రంతా ఈ కిటికీ కింద, చూరునీళ్లు కాళ్ల మీద పడుతుంటే కూర్చుంది. తెల్లవారుజామున వంటపాకలో నాలుగో పొయ్యి ఆవిడ, మొగుడికి జావ కాస్తూ చూసి, చెయ్యి పట్టుకు తీసుకుపోయి, తడిగౌను పిండి ఆరేసి, తన చీర కప్పి, వేడి వేడి జావ, ఉల్లిపాయ ముక్క పెట్టింది. మధ్యాహ్నానికి అమ్మ కళ్లు తెరిచింది. మామ్మకు సంగతి తెలిసి పిల్లకు తలారా స్నానం చేయించింది గాని, కోప్పడలేదు. సాయంత్రం ఇంటి నుంచి తెచ్చిన అరిటిపళ్ల గెలలో సగం కోసి ఆ గోడ మీద పెట్టి వచ్చింది. ఈ కథ చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు విన్నాను. నాలుగో పొయ్యి ఎటు నుంచి నాలుగోదో మాత్రం ఆ రోజే చూశాను. వంటపాకలో నీళ్లల్లో దిగి, రేవు వైపు నుంచి లెక్కపెట్టి అక్కయ్య చూపించింది.

కాపలా ఆయన మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. కప్పు గురించి అడిగితే, వచ్చే నెలలో సిమెంటు పని వాళ్లను పిలుస్తామన్నారని, తగాదా తేలేలోగా కనీసం పురుళ్ల వార్డు మీద అయినా ఒక పూత వేయిస్తారని చెప్పాడు. సిమెంటు మాట వినగానే నేను ఉన్న ఇబ్బంది చెప్పాను. పైన ఉన్నది గీకేసి మళ్లీ సున్నమే వేయాలని, పాత గుళ్ల మరమ్మతులు చేసే మేస్త్రీ ఒకాయన పాలకొల్లు దగ్గర ఉన్నాడని, ఆయనకు గానుగ సున్నం పని తెలుసునని అన్నాను. "ఖర్చెక్కువవుతుందేమోనండి" అన్నాడు ఆయన. అక్కయ్య టీ గ్లాసు కింద పెట్టి, "మొత్తం ఇల్లు ఎవరు చెయ్యమన్నారు నాయనా? ఆ వార్డు, ఆ వంటపాక కప్పు, రెండూ ఎంతవుతాయో ఆయన్ని తీసుకొచ్చి కొలిపించు. మా వాటా మేం చూస్తాం" అన్నది. ఆయన ఫోను తీసి మేస్త్రీ నంబరు రాసుకున్నాడు. వాన వెలిశాక కాదు, వాన పడుతుండగానే రమ్మని చెప్పమన్నది అక్కయ్య. ఎక్కడ కారుతున్నదో అప్పుడైతేనే ఆయన కంటికి కనపడుతుంది.